ముందు పూసిన కొత్తిమీర

రాజమండ్రి,
వికారి సంవత్సరం, మార్గశిర శుద్ధ దశమి.

తమ్ముడు అమ్మిరాజుకి అక్క శ్యామలాంబ దీవెనలు. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. నువ్వూ నీ కొట్టూ నిడదవోల్లో అలాగే ఉన్నారనుకుంటాను. దగ్గు తగ్గిందా? శొంఠి నీ కొట్లోనే బస్తాలకొద్దీ ఉంది. ఊరందరికీ అమ్మడమే గాని నువ్వు నోట్లో వేసుకోవు.

ఈ ఉత్తరం నీ కూతురు సత్యలక్ష్మి చేతే రాయిస్తున్నాను. చదువుకున్న కోడలు ఇంట్లో ఉండగా ఇంకొకరిని బతిమాలడం ఎందుకు? పైగా నేను చెప్పబోయేది తన గురించే. తన చెవితో విని తన చేత్తో రాస్తేగాని తలకెక్కదు.

ఏటా అమ్మవారి సంతర్పణకి కొత్తిమీర పచ్చడి మా ఇంటినుంచే వెళ్తుందని నీకు తెలుసు. మా అత్తగారి నాటి నుంచీ అది మా మర్యాద. ఈసారి సంతర్పణ ముందురోజు బుట్ట పట్టుకుని దొడ్లోకి వెళ్తే ఏముంది? మడి మడంతా తెల్లగా పూసి కూర్చుంది. ఆకు దారప్పోగుల్లా సన్నబడిపోయింది. పచ్చడికి కాదు కదా, చారులోకి కూడా రాదు. చేసేది లేక సంతలో కొని పంపించాను.

పంక్తిలో కూర్చోగానే మా పక్కింటి మరిడమ్మ అందుకుంది. "ఏంటండీ శ్యామలాంబగారూ, ఈసారి పచ్చడి మానేసి అమ్మవారికి పూలే పూయించారంటగా?" అంది. అందరూ నవ్వారు. కలిపిన అన్నం విస్తట్లోనే వదిలేసి లేచి వచ్చాను. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో నన్నలా నవ్విన వాళ్ళు లేరు.

నేను ఊరికే ఒకరిని అనే మనిషిని కాదు. ఇంతకాలం లేనిది ఇప్పుడెందుకు జరిగింది? నీ కూతురు కాపురానికొచ్చాక ఇదే మొదటి పంట. బయట చేరిన రోజుల్లో తను కూర్చునేది దొడ్డి వసారాలో, మడికి ఎదురుగా. మైలతో మడి తొక్కిందనే నా అనుమానం. "తొక్కావా?" అంటే "లేదత్తయ్యా" అంటుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఏడిస్తే పువ్వు మళ్ళీ ఆకవుతుందా? నాకు ఆ రోజులు పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఇంకో ఆడది లేదు. మరి ఎవరు తొక్కినట్టు?

ఇక్కడ కలం ఆపింది. రాయమన్నాను. రాసింది.

తల్లి లేని పిల్ల, ఇవన్నీ చెప్పే దిక్కు లేదు, అది నాకు తెలుసు. చదువు చెప్పావు, సంతోషమే. ఇదీ ఎవరిచేతనైనా చెప్పించాల్సింది. గోదారి మీద వంతెన పనివాళ్ళ సుత్తి దెబ్బలకి పగలు తలనొప్పి, ఈ దిగులుకి రాత్రి నిద్ర లేదు. జవాబు రాయి.

నీ అక్క,
శ్యామలాంబ.


నిడదవోలు,
మార్గశిర పౌర్ణమి.

మా ఇంటి ఆడపడుచూ, మా అమ్మాయికి అత్తగారూ అయిన శ్యామలాంబగారికి, తల ఎత్తలేని అమ్మిరాజు నమస్కరించి రాసుకునేది.

మీ ఉత్తరం కొట్లో బేరాల మధ్య విప్పాను. పైన మా అమ్మాయి చేతిరాత చూసి పొంగిపోయాను. తెలిసినవాళ్ళు నలుగురు ఉంటే వాళ్ళకీ చూపించాను. "చదవండి, ఏం రాసిందో వింటాం" అన్నారు. నాలుగో పేరా దాకా చదివి, ఐదోదాని మీద కన్ను పడగానే ఉత్తరం మడిచి లోపలికి వెళ్ళిపోయాను. వాళ్ళు ఏమనుకున్నారో అడగలేదు.

మీకు జరిగిన అవమానం నావల్లే జరిగింది. ఆడపిల్లని మగాడు ఒక్కడూ పెంచితే ఇలాగే ఉంటుందని అప్పట్లో అందరూ అన్నారు. నేను వినలేదు. అక్షరాలు నేర్పితే అన్నీ వచ్చేస్తాయనుకున్నాను.

అమ్మాయీ, ఈ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించేది నువ్వే. అందుకని నీకు చెప్పాల్సింది కూడా ఇందులోనే రాస్తున్నాను, ఆపకుండా చదువు. తప్పు చేసి ఉంటే ఒప్పుకో. చేయలేదని నీకనిపించినా ఒప్పుకో. అత్తయ్య కాళ్ళకి దణ్ణం పెట్టి క్షమించమని అడుగు. నా పరువు నీ చేతిలో పెట్టి పంపించాను.

మీరు దసరాకి పంపిన కొత్తిమీర విత్తనం ఇక్కడ మా దొడ్లో కూడా చల్లించాను. వంటకీ దొడ్డికీ సాయం వచ్చే ముసలావిడ పాపాయి చూసుకుంటోంది. నేను అటువైపు పోలేదు. ఇప్పుడు పోవాలనీ లేదు.

చిత్తగించవలెను,
అమ్మిరాజు.


రాజమండ్రి,
మార్గశిర బహుళ పంచమి.

తమ్ముడికి దీవెనలు. నేను నీకు ఎప్పట్నుంచి "మీరు" అయ్యాను? చిన్నప్పుడు నిన్ను చంకనెత్తుకుని తిరిగినప్పుడు నా జుట్టు పీకినవాడివి. వియ్యంకుడి మర్యాదలు నా దగ్గర పెట్టకు, ఒళ్ళు మండుతుంది.

నీ ఉత్తరం సత్యలక్ష్మి చదివింది. "చేయలేదని నీకనిపించినా" అన్నచోట ఆగింది. తర్వాత గబగబా చదివేసింది. ఏదో మింగేసిందని నాకు అనుమానం వచ్చి, మా అబ్బాయిని అడిగితే పెళ్ళాం పక్షమే చెబుతాడని, మర్నాడు ఎవరికీ చెప్పకుండా మా వీధి చివర వడ్రంగి వీరబ్రహ్మంగారి దగ్గరికి పట్టుకెళ్ళి మళ్ళీ చదివించుకున్నాను. ఆయన చదివిందీ అదే. ఒక్క అక్షరం తేడా లేదు. తిరిగొస్తుంటే నాకు కాస్త సిగ్గేసింది, దాచను. ఇది రాస్తున్న పిల్లకి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. తెలియనీ.

నువ్వు చెప్పినట్టే దణ్ణం పెట్టి, "తప్పయిపోయింది, క్షమించండత్తయ్యా" అంది. భోజనాల వేళ. మా అబ్బాయి చంద్రరావు అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. పెళ్ళాం మీద కోపమో నా మీద కోపమో చెప్పలేదు. వాడు ఏదీ చెప్పడు.

మంచిది. ఒప్పుకుంది కాబట్టి ఇక అనుమానం లేదు. నేను అన్నదే నిజమని తేలిపోయింది. ఇప్పుడు ముల్లంగి కూడా పూసింది. దుంప చిటికెన వేలంత లేదు, పైన మూరెడు కాడ, దాని మీద పువ్వు. ఇల్లు కడిగించి శుద్ధి చేయించాలి. పుష్యమాసంలో పిల్లని నీ దగ్గరికి పంపుతాను. తిరిగి ఎప్పుడు పిలుస్తానో ఇప్పుడే చెప్పలేను.

ఒక్కటే ఊరట. అన్నిటికంటే ముందు పూసిన మొక్కకి ఎర్రదారం కట్టి ఉంచాను. ముందు పూసింది అమ్మవారిది, దాని గింజే మరుసటి ఏటికి విత్తనం. చంద్రరావుకి పసితనంలో జబ్బుచేసి బతికిన ఏడు మొక్కుకున్నాను. ముల్లంగికీ అంతే. ఇంతవరకూ ఒక్క ఏడూ తప్పలేదు. అమ్మవారిని నేను మర్చిపోలేదు, ఆవిడా నన్ను మర్చిపోదు.

నీ అక్క,
శ్యామలాంబ.


నిడదవోలు,
మార్గశిర బహుళ ద్వాదశి.

అక్కా, దణ్ణం. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. పొద్దున్నే పొగమంచు పడుతోంది. రైలు వచ్చేదాకా స్టేషను కనిపించడం లేదు. ఈ ఉత్తరంతో తడిగుడ్డలో చుట్టి రెండు కట్టల కొత్తిమీర పంపుతున్నాను.

ఎందుకు పంపుతున్నానో చెబుతాను. నిన్న పాపాయి కొట్లోకి వచ్చి, "బాబుగారండీ, మన మడి పూసేసిందండి, ఓసారి వచ్చి చూడండి" అంది. వెళ్ళాను. సగం మడి తెల్లగా పూసి ఉంది. మిగతా సగం పచ్చగా గుబురుగా ఉంది, ఒక్క పువ్వు లేదు. ఇదేంటని అడిగాను. నువ్వు పంపిన విత్తనం సగానికే సరిపోయిందట. మిగతా సగంలో కొట్లో బస్తాలోంచి పిడికెడు ధనియాలు తీసి, నలిపి చల్లిందట.

ఎండ ఎక్కువైనా, నీళ్ళు తప్పినా, మరీ ఒత్తుగా చల్లినా కొత్తిమీర తొందరపడి పూస్తుందంటారు. కానీ ఒకే మడి, ఒకే రోజు చల్లింది, ఒకే బావి నీళ్ళు. ఎండ సగానికి ఒకలా, సగానికి ఒకలా కాయదు. పూసిందల్లా నీ విత్తనమే.

సత్యలక్ష్మి నా దొడ్లో అడుగుపెట్టి ఏడాది కావస్తోంది. పాపాయికి మునిమనవలున్నారు. ఇక్కడ ఎవరు తొక్కారక్కా?

రాత్రి నీ పాత ఉత్తరం మళ్ళీ తీశాను. ముందు పూసిన మొక్కకి దారం కట్టి దాని గింజే చల్లుతున్నానన్నావు. అంటే మడిలో అన్నిటికంటే తొందరపడ్డదాన్ని ఏటా నువ్వే ఏరి, దాని పిల్లల్నే పెంచుతున్నావు. ఆ పిల్లల్లోనూ ఎక్కువ తొందరపడ్డదాన్నే మళ్ళీ ఏరుతున్నావు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా? ముల్లంగిదీ అదే కథ.

అమ్మాయీ, ఇక్కడినుంచి గట్టిగా చదువు. నువ్వు ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసింది నేను. "తొక్కావా తల్లీ" అని ఒక్క మాట నిన్ను అడగకుండా ఒప్పుకోమని రాశాను. కొట్లో ధనియాలు కొనేటప్పుడు పిడికెడు అరచేతిలో పోసుకుని వాసన చూసిగాని బేరం ఆడను. నీ విషయంలో ఆ పాటి కూడా చూడలేదు.

తమ్ముడు,
అమ్మిరాజు.


రాజమండ్రి,
పుష్య శుద్ధ తదియ.

అమ్మిరాజుకి. నీ ఉత్తరం చేరింది. నువ్వు బాగున్నావనీ, పొగమంచనీ, కొత్తిమీర పంపుతున్నాననీ సత్యలక్ష్మి చదివింది. అంతేనా నువ్వు రాసేది? కూతురి వల్ల నా ఇంటికి ఇంత జరిగితే, స్టేషను కనిపించడం లేదని రాస్తావా?

ఆ రెండు కట్టలూ విప్పి చూశాను. ఒకటి పూసింది, ఒకటి పచ్చగా నవనవలాడేది. నాకు అర్థం కాదనుకున్నావా? నీ మడి పచ్చగా ఉంది, నా మడి పూసిందని వెక్కిరించడానికి మరిడమ్మ చాలదూ, నువ్వూ తయారయ్యావా? రెండూ ఆవుకి వేయించాను. ఉత్తరంలో ఇంకేమైనా ఉందేమో మళ్ళీ చదివించుకుందామనుకున్నాను గాని, ఒకసారి ఊరికే అనుమానపడి వీరబ్రహ్మంగారి ముందు చిన్నబోయాను. మళ్ళీ ఆ అరుగెక్కడానికి మనసొప్పలేదు.

పిల్లని గురువారం పంపుతున్నాను. ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

శ్యామలాంబ.

నాన్నగారూ, ఇక్కడినుంచి అత్తయ్య చెప్పింది కాదు. మీ ఉత్తరంలో కొత్తిమీర పంపుతున్నానన్న మాట తర్వాతదంతా నేను అత్తయ్యకి చదవలేదు. చదివితే నేనే కల్పించి చదివానంటారు. అదొక్కటే కాదండి. "ఒప్పుకో" అని మీరు రాసింది నా నోటితోనే చదివాను. "నీ తప్పు లేదు" అన్నదీ నా నోటితోనే చదువుకోవాలా? సిగ్గేసింది. మీరు రేవుకి రావద్దు, అందరూ చూస్తారు. ఆయనే పడవలో గోదారి దాటించి కొవ్వూరులో రైలెక్కిస్తారు. సత్యలక్ష్మి.


నిడదవోలు,
పుష్య శుద్ధ ఏకాదశి.

అక్కకి దణ్ణం. నువ్వు ఉత్తరాలు వద్దన్నావు. ఇది నా పెద్దరికం కోసం కాదు, చివరిదాకా విను. ఈ ఉత్తరాన్ని వీరబ్రహ్మంగారి పేర పంపుతున్నాను. ఆయనే వచ్చి చదువుతారు. వీరబ్రహ్మంగారూ, శ్రమ అనుకోకండి, ఒక్క మాట కూడా వదలకండి.

అక్కా, పోయిన ఉత్తరంలో నేను రాసింది నీదాకా రాలేదు. నువ్వు నమ్మవని అమ్మాయి చదవలేదు. ఆ సంగతంతా ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

(ఇక్కడ పాత ఉత్తరంలోని మాటలన్నీ అమ్మిరాజు తిరిగి రాశాడు. మడిలో రెండు సగాలు, ఎర్రదారం, ధనియాల బస్తా, అన్నీ.)

నిన్ను వెక్కిరించడానికి కాదు, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తావని ఆ కట్టలు పంపాను. ముందు వివరం చెప్పి తర్వాత పంపాల్సింది. నాకు అన్నీ వెనకే తెలుస్తాయి.

ఇప్పుడు అమ్మాయి సంగతి. రేవులో అందరూ చూస్తారని నన్ను రావద్దంది, వెళ్ళలేదు. స్టేషను నుంచి పెట్టె తనే మోసుకుని వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి పని చేస్తోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది, అన్నం తింటోంది. కానీ దొడ్లోకి అడుగు పెట్టడం లేదు. కరివేపాకు రెబ్బ కావాలన్నా గుమ్మంలో నిలబడి పాపాయిని కేకేస్తోంది. పాపాయి రాకపోతే కరివేపాకు లేకుండానే తాలింపు వేస్తోంది. ఇక్కడ తనని ఎవరూ వద్దనలేదక్కా. "వెళ్ళమ్మా, మన దొడ్డే కదా" అన్నాను. "ఎందుకొచ్చిన గొడవ నాన్నగారూ, మళ్ళీ ఏదైనా పూస్తే?" అంది.

చిన్నప్పుడు ఆ దొడ్లోనే ఇసకలో వేలు పట్టించి దానికి ఓనమాలు దిద్దించాను. ఆ మాట విన్నాక నా కూతురి మొహం నేను చూడలేకపోతున్నాను. నువ్వు అనుమానపడ్డావు, అంతే. ఆ అనుమానానికి దాని చేత సంతకం పెట్టించింది నేను.

అమ్మిరాజు.


రాజమండ్రి,
పుష్య బహుళ షష్ఠి.

తమ్ముడికి. ఇవి చంద్రరావు అక్షరాలు. వంకరగా ఉంటే వాణ్ణి తిట్టు.

వీరబ్రహ్మంగారు మా వీధి అరుగు మీద కూర్చుని నీ ఉత్తరం చదివారు. ఆయనది పెద్ద గొంతు. గోడ అవతల మరిడమ్మ పిడకలు ఏరడం ఆపేసింది. నాలుగు ముక్కలు విన్నాక చాలించమని అందామనుకున్నాను. మళ్ళీ అనలేదు. నేను తిట్టిన తిట్లన్నీ నీ కూతురు వదలకుండా రాసింది. నేను ఆపకుండా వినొద్దా?

మా అత్తగారి కాలంలో మాఘం దాకా ఆకు కోసేవాళ్ళం. ఆవిడ చివరిదాకా నిలిచిన మొక్కల గింజే విత్తనానికి దాచేది. నా మొక్కు మొదలయ్యాక కొన్నాళ్ళకి మాఘం పుష్యమయింది, పుష్యం మార్గశిరమయింది. నాకు కనిపించకపోలేదు. ఏటా పువ్వు కాస్త ముందుకొస్తుంటే అమ్మవారు నా మొక్కు అందుకుంటోందని పదిమందికీ చెప్పుకుని మురిసిపోయాను. ఈ ఏడు సంతర్పణకి ముందే వచ్చేసరికి కోడలి మైల అన్నాను. అదే పువ్వు తమ్ముడూ. నా పుణ్యమైతే నాది, పాపమైతే దానిది!

ఇది రాస్తూ చంద్రరావు నవ్వుతున్నాడు. కాదు, నవ్వు కాదు. నా వైపు చూడటం లేదు. "నువ్వెందుకురా ఆ రోజు నోరు విప్పలేదు?" అన్నాను. "నువ్వు విప్పనిచ్చావా అమ్మా? అయినా విప్పాల్సింది" అన్నాడు. అదీ రాయమన్నాను.

నేనే వచ్చి పిల్లని తీసుకురావాలి. రెండుసార్లు పెట్టె సర్దాను, రెండుసార్లూ విప్పేశాను. మొహం చెల్లడం లేదు. నువ్వే ఎలాగోలా నచ్చచెప్పి పంపు. వస్తుందా?

శ్యామలాంబ.


నిడదవోలు,
మాఘ బహుళ విదియ.

అక్కకి దణ్ణం. ఇన్నాళ్ళూ జవాబు రాయనిది కోపంతో కాదు. రాయడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇప్పుడు ఉంది.

నీ ఉత్తరం అమ్మాయికి ఇచ్చాను. చదువుకుని మడిచి పెట్టెలో పెట్టుకుంది. నేను నచ్చచెప్పలేదు. ఒకసారి చెప్పి చూశాను కదా, అది చాలు.

ఈ నెల మొదట్లో అమ్మాయి బయట చేరింది. రెండో రోజు పొద్దున కొట్టు తాళాలు మర్చిపోయి నేను వెనక్కి వచ్చాను. పాపాయి మళ్ళీ కొట్టు ధనియాలతో కొత్త మడి వేసింది, జానెడు ఎత్తున ఉంది. ఆ మడి మధ్యలో మా అమ్మాయి నిలబడి ఉంది. చెప్పులు లేవు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచింది. మొక్కలు నలగకుండా పక్కకి తప్పించి, ప్రతిదాన్నీ చేత్తో తాకింది. నేను చూశానక్కా. వద్దనలేదు. మనిళ్ళలో ఉన్న పద్ధతి తప్పుతోందని తెలిసీ, చూడనట్టు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాను.

రెండు వారాలయింది. మడి పచ్చగానే ఉంది. రోజూ పొద్దున్నే నేను వెళ్ళి చూస్తున్నాను, నాకంటే ముందే వచ్చి అమ్మాయి చూసి వెళ్ళిన అడుగులు తడిమట్టిలో ఉంటున్నాయి. ఒక్క పువ్వు లేదు.

నిన్న ఆ మడిలో ఆకే కోసి పచ్చడి చేసింది. వడ్డించి ఎదురుగా కూర్చుంది. "ఎలా ఉంది నాన్నగారూ?" అంది. బాగుందన్నాను. తల దించుకునే తిన్నాను. ఇంతలో, "మీరు ఆ రోజు చూశారని నాకు తెలుసు" అంది.

తర్వాత నీకు రాయమని ఒక మాట చెప్పింది. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. "నేను దూరంగా ఉన్న రోజుల్లో తొక్కిన మడి ఇది. ఇందులో అన్నిటికంటే చివర పూసిన మొక్క గింజ నేనే మూట కట్టి తెస్తాను. ఏ మడిదో దాచకుండా అత్తయ్యకి రాయండి. అది తెలిసి కూడా ఆ విత్తనం తన దొడ్లో చల్లుకుంటానంటే వస్తాను. లేకపోతే ఇక్కడ పనికేం తక్కువ లేదు."

నేను ఇటూ చెప్పను, అటూ చెప్పను. నీ ఇల్లు, నీ ఆచారం. ఆలోచించుకుని రాయి.

అమ్మిరాజు.


రాజమండ్రి,
మాఘ బహుళ ఏకాదశి. (కార్డు)

తమ్ముడికి దీవెనలు. ఎర్రదారం మొక్కని పువ్వుతోనే కోసి అమ్మవారి పాదాల దగ్గర పెట్టాను. పువ్వు ఆవిడది, గింజ మాది అని చెప్పుకున్నాను. పాత విత్తనం ముల్లంగిదానితో సహా గోదాట్లో కలిపేశాను. మడి నేనే తవ్వాను, నడుం పట్టేసింది, చంద్రరావు శొంఠి కాచి ఇచ్చాడు.

గింజ పండాక పిల్ల అక్కడికి వచ్చి కట్టి తెచ్చే మూటే చల్లుతాను. దానికి కార్తీకం దాకా ఆగాలి గాని, పిల్ల అందాకా ఆగక్కర్లేదు. రేవులో అందరూ చూస్తారని కదా దాని సిగ్గు. శుక్రవారం పడవకి రమ్మను. రేవుకి నేనే వచ్చి నిలబడతాను, పెట్టె నేనే మోస్తాను. అందరూ చూడనీ.